తెర చెప్పిన జవాబు, గ్రంథము వేసిన ప్రశ్న



ఈ మధ్యకాలములో మన కుటుంబములలో రాత్రి భోజనముల తరువాత ఒక వాదము తరచుగా నడుస్తున్నది. యేసు ప్రభువు జీవితమును గూర్చిన ‘ది చోజెన్’ అనే ధారావాహికను చూసినవారు చూడనివారికి ఆ కథ చెబుతున్నారు. విన్నవారు “ఇది బైబిలులో ఎక్కడున్నది?” అని అడుగుతున్నారు. చెప్పినవారు బైబిలు తెరిచి వెదకుతున్నారు. కొన్ని సంగతులు దొరుకుతున్నవి, కొన్ని దొరకడము లేదు. దొరకని దగ్గర మాట పెరుగుతున్నది.

అమెరికాలో డాలస్ జెంకిన్స్ అనే దర్శకుడు తీస్తున్న ఈ ధారావాహిక మొదటి భాగము 2019లో వచ్చింది. 2025 నాటికి అయిదు భాగములు పూర్తి అయినవి. మొత్తము ఏడు భాగములుగా ముగించాలని వారి ఉద్దేశము. తెలుగులోనూ తమిళములోనూ మాటలు మార్చి విడుదల చేయడముచేత, ఆలంగుళం మొదలుకొని కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ వరకు మనవారు ఇష్టమైన భాషలో సెల్‌ఫోనులోనే చూస్తున్నారు.

దీనిపై మన సంఘములలో రెండు అభిప్రాయములు ఉన్నవి. మొదటి పక్షమువారు ద్వితీయోపదేశకాండము 4వ అధ్యాయమును, ప్రకటన గ్రంథము చివరి అధ్యాయమును చూపించి, దేవుని మాటకు ఏదీ కలపకూడదు, దానిలోనుండి ఏదీ తీయకూడదు గనుక ఇట్టి ధారావాహికలు చూడడమే తప్పు అంటారు. రెండవ పక్షమువారు ఫిలిప్పీ పత్రిక మొదటి అధ్యాయమును చూపించి, ఏ విధముగానైనా క్రీస్తు ప్రకటింపబడుతున్నాడు గదా, సంతోషించక సణుగుట ఎందుకు అంటారు. ఇద్దరి చేతిలోనూ వాక్యమే ఉన్నది. ఇద్దరూ భక్తిగలవారే. అయినను ఇద్దరూ ఒకే కొలబద్దను పట్టుకొని కొలుస్తున్నారని నాకు తోచుచున్నది. ఎంత కలిపారు అన్నదే ఆ కొలబద్ద. కలిపినది చూచేవానికి ఏమి చేసింది అన్నది మరొక కొలబద్ద. ఈ రెండవదానిని గూర్చి కొంచెము ఆలోచించుదము.

కలపకుండా చూపించుట సాధ్యమా?

మొదట ఒక సంగతి ఒప్పుకొనవలెను. వ్రాసిన కథను తెరమీదికి తెచ్చేవాడు ఏదో ఒకటి కలపక తప్పదు. సువార్తలలో ప్రభువు ముఖవర్ణన లేదు. ఎత్తెంత, కంఠస్వరమెట్టిది అని ఎవరూ వ్రాయలేదు. కాగితము మీద ఆ ఖాళీ ఎంతకాలమైనా ఖాళీగా ఉండగలదు. తెరమీద ఒక్క నిమిషము కూడా ఉండలేదు. ఎవరో ఒక మనిషి అక్కడ నిలబడవలెను. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చూసిన తెలుగువారిలో ఎందరికో నేటికిని ప్రభువు అనగానే విజయచందర్ గారి ముఖమే కండ్లముందు మెదలుతుంది. ఆ ముఖము ఏ సువార్తలోనిది?

ఒక్క మాటయు మార్చకుండా తీసినా ఇంతే. 1993లో మత్తయి సువార్తను ఆంగ్ల అనువాదములోని మాటలు ఉన్నవి ఉన్నట్టుగా పెట్టి ఒక చలనచిత్రము తీశారు. బ్రూస్ మార్కియానో అనే నటుడు ప్రభువు వేషము వేశాడు. అంతకుముందు వచ్చిన చిత్రములలో ప్రభువు గంభీరముగా, దుఃఖాక్రాంతుడుగా కనబడితే, ఇందులో నవ్వుతాడు, భుజము తట్టుతాడు. మాటలు అవే. అయితే ఒకే మాటను నవ్వుతూ చెప్పినప్పుడు ఒక అర్థము, కోపముగా చెప్పినప్పుడు మరొక అర్థము వస్తుంది. ఒక్క అక్షరము కలపని చిత్రము కూడా ఆ విధముగా ఒక వ్యాఖ్యానమే అయినది.

అంతదూరము వెళ్ళనక్కరలేదు. మన క్రిస్మసు నాటకమునే చూడండి. ముగ్గురు జ్ఞానులు కిరీటములు పెట్టుకొని వస్తారు. మత్తయి సువార్తలో కానుకలు మూడు రకములని ఉన్నదే గాని, జ్ఞానులు ముగ్గురని లేదు, రాజులని అసలే లేదు. వారు పశువుల తొట్టి యొద్దకు గొల్లలతో కలిసి వచ్చినట్టు మనము నిలబెడతాము. మత్తయి వారిని ఒక ఇంటిలోనికి తీసుకొనివెళ్ళాడు. తలుపు తీసి, చోటు లేదని గద్దించే సత్రపువాని వేషానికి మన పిల్లలలో పోటీ ఉంటుంది. లూకా సువార్త రెండవ అధ్యాయములో సత్రములో స్థలము లేదని ఉన్నదే గాని, సత్రపువాడు ఒక్కడూ లేడు. ప్రతి డిసెంబరులోనూ ఇన్ని కలిపి ఆడి, చప్పట్లు కొట్టి, ఎవరో ఇతరులు కలిపినప్పుడు మాత్రము ప్రకటన గ్రంథము తెరిచినయెడల న్యాయమగునా?

అయితే ఏమైనా కలుపవచ్చునా?

అట్లని, కలుపుట తప్పదు గనుక ఏది కలిపినా ఒక్కటే అనుటకు వీలులేదు. కొన్ని చేర్పులు కథకు బట్ట తొడుగుతవి. కొన్ని కథలోని మనుష్యుల మీద నింద మోపుతవి. నిందకు గురియైనవారు తిరిగి లేచి మాట్లాడలేరు.

మగ్దలేనే మరియను తీసుకొనండి. ఆమెలోనుండి ఏడు దయ్యములు వెళ్ళినవని లూకా 8వ అధ్యాయము చెబుతున్నది. సిలువ యొద్ద నిలిచినది, సమాధి యొద్దకు తెల్లవారకముందే వెళ్ళినది ఆమె. ఆమె నడతను గూర్చి ఏ సువార్తికుడూ తక్కువ మాట వ్రాయలేదు. 591లో పోపు గ్రెగొరీ తన ప్రసంగములో, లూకా 7వ అధ్యాయములోని పేరులేని పాపాత్మురాలిని, బేతనియ మరియను, ఈ మరియను ఒకే స్త్రీగా కలిపి చెప్పాడు. ఆ ఒక్క కలయికతో ఆమె వేశ్యగా నిలిచిపోయినది. చిత్రకారులు అట్లే గీశారు, చలనచిత్రములవారు అట్లే చూపారు, మనలోనూ చాలమంది ప్రసంగీకులు అట్లే చెప్పారు. 1969లో రోమా కథోలిక సంఘము తన పండుగల పట్టికను సవరించినప్పుడు ఆ కలయికను విడిచిపెట్టినది. పదమూడు వందల ఏండ్లు దాటి మోసిన నింద మాత్రము జనుల నోటినుండి ఇంకా దిగలేదు.

మన దేశములోని మరొక ఉదాహరణ చూతము. 1988 నుండి 1990 వరకు దూరదర్శన్‌లో బి.ఆర్. చోప్రా గారి ‘మహాభారత్’ ఆదివారము ఉదయము వచ్చినప్పుడు దేశమంతటా వీధులు ఖాళీ అయ్యేవి. మన సంఘములలోనివారు కూడా చూసినారు. అందులో మయసభలో దుర్యోధనుడు నీళ్ళలో పడినప్పుడు, గుడ్డివాని కొడుకూ గుడ్డివాడే అని ద్రౌపది ఎగతాళి చేస్తుంది. ఈ మాట వ్యాసుని భారతములో ద్రౌపది నోట లేదు. తరువాతి కాలమువారు కలిపినది. ఇది చిన్న చేర్పువలె కనబడుతుంది. దాని ఫలితము చూడండి. సభలోనికి ఈడ్వబడిన ద్రౌపది అక్కడి పెద్దలను ఒక ప్రశ్న అడుగుతుంది. తన భర్త ముందుగా తన్ను తాను ఓడిపోయిన తరువాత, తనను పందెము పెట్టే హక్కు ఆయనకు ఇంకా ఎక్కడిది అన్నది ఆ ప్రశ్న. భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమైనదని చెప్పి తీర్పు తేల్చలేకపోయాడు. ఆ ప్రశ్న ఆ సభలో తెగలేదు. తెగలేదు గనుకనే అది ఆ కథను దాటి, అన్యాయము జరుగుతుండగా తలలు వంచుకొని కూర్చున్న ప్రతి పెద్దల సభకు తగులుతుంది. సంఘ పెద్దగా కూర్చునే నాకును తగులుతుంది.

ఎగతాళి మాట చేరగానే ఏమైనది? “ఆమె ఆనాడు నోరు జారకపోతే ఇదంతా జరిగేదా?” అని వీధి అరుగుల మీద తేల్చివేశారు. పెద్దలకు వేసిన ప్రశ్న పోయి, స్త్రీ నవ్వు మీద తీర్పు వచ్చినది. తలలు వంచుకొన్నవారు నిశ్చింతగా ఇంటికి వెళ్ళినారు.

ఈ రెండు ఉదాహరణలలోనూ కీడు ఒకే విధమైనది. ఒక సంగతి కలిసినదన్నది చిన్న తప్పు. ఆ కలిసిన సంగతి, మనము మోయవలసిన ప్రశ్నను మన భుజము మీదనుండి తీసి మరొకరి మీద పెట్టినది. అసలు తప్పు అక్కడ ఉన్నది.

ఉపాధ్యాయుడు చేయకూడని పని

ఉపాధ్యాయ శిక్షణలో మాకు తొలి నెలలలోనే ఒక పాఠము చెప్పేవారు. తరగతిలో ప్రశ్న వేసిన తరువాత ఆగవలెను. పిల్లవాడు నోరు తెరవకముందే జవాబు తానే చెప్పివేసే ఉపాధ్యాయుడు పాఠము ముగించగలడు గాని నేర్పలేడు. ఆ నిశ్శబ్దము ఎంత ఇబ్బందిగా ఉన్నా భరించవలెను, ఎందుకనగా పిల్లవాడు నేర్చుకొనేది ఆ నిశ్శబ్దములోనే.

ప్రభువు ఈ పనిలో ఎంతటి నిపుణుడో లూకా 15వ అధ్యాయము చూపుతున్నది. తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చాడు, ఇంటిలో విందు జరుగుతున్నది. పెద్ద కుమారుడు కోపముతో లోపలికి రానన్నాడు. తండ్రి వెలుపలికి వచ్చి బ్రతిమాలుకొన్నాడు. అక్కడ కథ ఆగిపోయినది. పెద్దవాడు లోపలికి వెళ్ళాడా, పొలమునకు తిరిగిపోయాడా అన్నది లేదు. ఆ అధ్యాయము మొదట సణుగుకొన్న పరిసయ్యులు, శాస్త్రులు వినుచున్నారు. కథ ముగింపు వారి కాళ్ళలో ఉన్నది. యోనా గ్రంథమును కూడా చూడండి. నీనెవె జనులను, పశువులను గూర్చి దేవుడు అడిగిన ప్రశ్నతోనే ఆ గ్రంథము ముగుస్తుంది. యోనా ఏమి చెప్పాడో మనకు తెలియదు. మనమేమి చెబుతామో అన్నదే మిగిలినది.

ఇప్పుడు ఒక దర్శకుడు ఈ ఉపమానమును తెరకెక్కించి, చివరను పెద్ద కుమారుడు కన్నీళ్ళతో లోపలికి పరుగెత్తి తమ్ముని కౌగిలించుకొన్నట్టు చూపించినాడనుకొనండి. వాద్యములు మ్రోగుతవి. మన కండ్లు చెమ్మగిల్లుతవి. అదంతా మంచి ఉద్దేశముతో చేసినదే, చెడ్డ సంగతి ఒక్కటీ కలపలేదు. అయితే పొలము గట్టు విషయములో తమ్మునితో పది ఏండ్లుగా మాట మానిన అన్న ఒకడు మన మధ్యనే బల్ల మీద కూర్చుండి ఆ చిత్రము చూస్తాడు. తెరమీది అన్న లోపలికి వెళ్ళిపోయినాడు గనుక, ఈ అన్న ఎక్కడికీ వెళ్ళవలసిన అవసరము లేకపోయినది. తన బదులు నటుడు వెళ్ళివచ్చాడు. కన్నీరు తుడుచుకొని ఇంటికి పోతాడు, తమ్ముని గడప మాత్రము తొక్కడు.

దీనికి ఎదురుగా నాతాను ప్రవక్తను నిలబెట్టి చూడండి. సమూయేలు రెండవ గ్రంథము 12వ అధ్యాయములో ఆయన దావీదు చేసిన పనినే దావీదుకు కథగా చెప్పాడు. ఎంత మార్చాడో గమనించారా? రాజు ధనవంతుడైనాడు. ఊరియా బీదవాడైనాడు. బత్షెబ గొఱ్ఱెపిల్ల అయినది. ఊరియాను యుద్ధములో చంపించిన సంగతి కథలో లేనే లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పలేదు, ఎన్నో కలిపాడు, ఎంతో విడిచాడు. ఆయనకు మొదటి పక్షమువారు ఎన్ని మార్కులు వేస్తారు? అయినను అంత నమ్మకముగా చెప్పిన కథ మరొకటి లేదు. ఏలయనగా విన్నవాడు తీర్పు తన నోటనే చెప్పి, ఆ తీర్పు క్రింద తానే నిలబడవలసి వచ్చినది. పై ఉదాహరణలోని దర్శకుడు కథను కాపాడి వినేవానిని తప్పించాడు. నాతాను కథను మార్చి వినేవానిని పట్టుకొన్నాడు.

కాబట్టి మూలమునకు నమ్మకముగా ఉండుట అంటే మూలము అడిగిన ప్రశ్నను దాని చిరునామాకు చేర్చుట అని నేను అనుకొంటున్నాను.

ఈ కొలబద్దతో ‘ది చోజెన్’

ఈ ధారావాహికవారు మొదటనే, కొన్ని పాత్రలను, సంభాషణలను, పూర్వకథలను తామే కలిపామని, చూచేవారు సువార్తలను చదువవలెనని తెరమీద వ్రాసి చూపించారు. ఇది మెచ్చదగిన నిజాయితీ. ఇక రెండు చేర్పులను పరీక్షించుదము.

మొదటిది చిన్నయాకోబు. మార్కు 15వ అధ్యాయములో ఈ పేరు ఉన్నది. ఆయన కుంటివాడని ఎక్కడా లేదు. ధారావాహికలో ఆయన కుంటుతూ నడుస్తాడు. ఆ వేషధారికి నిజజీవితములోనూ నడకలో లోపమున్నది. మూడవ భాగములో ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా రోగులను స్వస్థపరచుటకు పంపినప్పుడు, స్వస్థత పొందని నేను ఇతరులను ఎట్లు స్వస్థపరచగలనని ఆయన అడుగుతాడు. ఇది సువార్తలో లేని సంభాషణ. అయితే ఈ ప్రశ్న బైబిలులోనిదే. పౌలు తన శరీరములోని ముల్లు తొలగవలెనని మూడుసార్లు వేడుకొన్న సంగతి కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో ఉన్నది. ధారావాహికలో ప్రభువు ఆయనకు ధైర్యము చెబుతాడు గాని, కాలు బాగుచేయడు. ఆయన కుంటుతూనే వెళ్ళిపోతాడు. మన ప్రార్థన కూటములలో ఏండ్ల తరబడి ఒకే మనవి వ్రాయించేవారు ఉన్నారు. వారికి ఎవరో ఒకరు విశ్వాసము చాలలేదని చెప్పి గాయపరచినవారే. వారు ఆ కుంటి శిష్యుని చూసి, ఆయన కూడా పంపబడినవాడే గదా అని తెలిసికొన్నారు. నావరకు ఇది నాతాను చేసినటువంటి చేర్పు. ప్రభువు నోట అంత దీర్ఘమైన మాటలు పెట్టకుండ ఉంటే ఇంకా బాగుండేది. ఆయన మాటలను మనము వ్రాయుటలో ఎక్కువ భయము ఉండవలెను.

రెండవది తోమా కథ. 2024లో వచ్చిన నాలుగవ భాగములో, తోమా వివాహమాడబోవు రామా అనే యువతిని రోమా అధికారి ఒకడు కత్తితో పొడిచి చంపుతాడు. తోమా బ్రతిమాలినను ప్రభువు ఆమెను లేపడు. అదే భాగములో తరువాత లాజరును లేపుతాడు. ఈ యువతి సువార్తలలో లేదు, పూర్తిగా కల్పితము. దీనిని చూసి అనేకులు కోపపడినారు. నా అభిప్రాయము రెండుగా చీలినది, రెండూ చెబుతాను.

లాజరు లేచినాడు, మావాడు ఎందుకు లేవలేదు అని సమాధుల తోటలో మనసులో అడుగనివారు మనలో ఎవరున్నారు? యోహాను 11వ అధ్యాయము చదివిన ప్రతిసారి, ఆ ప్రశ్న పైకి అనకూడనిదని మనము దానిని అణచివేస్తాము. ధారావాహిక దానిని పైకి అనిపించినది, తేలికైన జవాబు చెప్పలేదు. అంతవరకు మంచిది.

యోహాను 20వ అధ్యాయముతో కలిపి చూస్తే మరొక సంగతి కనబడుతుంది. తోమా ఎందుకు నమ్మలేదో యోహాను కారణము చెప్పలేదు. కారణము చెప్పలేదు గనుక ఏ కారణముచేత సందేహించినవాడైనా, ఏ కారణమూ లేకుండ సందేహించినవాడైనా, తోమా ప్రక్కన నిలబడగలడు. ఇప్పుడు ధారావాహిక ఆయనకు ఒక కారణము ఇచ్చినది. పాపము, పెండ్లాడబోవు పిల్లను పోగొట్టుకొన్నాడు, అందుకే నమ్మలేకపోయినాడు అని మనము ఆయనమీద జాలిపడతాము. జాలిపడినవాని ప్రక్కన మనము నిలబడము, ఎదుట నిలబడి చూస్తాము. అంతటి దుఃఖము రాని నా సందేహమును ఎక్కడ పెట్టుకొనవలెను? ఇక్కడ గ్రంథము విశాలముగా విడిచిన తలుపును తెర కొంత మూసినది. అందుచేత ఈ చేర్పును నేను సగము మాత్రమే అంగీకరిస్తాను.

మన నల్లరేగడి నేలలోని పాఠము

ఇంతవరకు తీసినవారి బాధ్యతను గూర్చి చెప్పుకొన్నాము. వారు అమెరికాలో ఉన్నారు, మన మాట వారికి వినబడదు. మన చేతిలో ఉన్నది చూచేవారి బాధ్యత. ఇక్కడ మన పరిస్థితి కొంచెము ప్రత్యేకమైనది. మన ఇండ్లలో నోట తెలుగు, చేతిలో తమిళ పుస్తకము. పిల్లలలో చాలమందికి తెలుగు బైబిలు వినడమే గాని చదువుట రాదు. కండ్లకు అక్షరము దూరమైన చోట బొమ్మకు బలమెక్కువ. మూలము బాగుగా ఎరిగినవాడు ధారావాహిక చూసి ఇది కలిపినది, ఇది ఉన్నది అని వేరుచేసికొనగలడు. ఎరుగనివానికి అంతా ఒక్కటే. సండేస్కూలులో తోమాను గూర్చి అడిగితే, పెండ్లికూతురు చనిపోయిన సంగతి మొదట చెప్పే కాలము దూరములో లేదు.

అయితే చదువురానంత మాత్రాన మూలము అందదనుట పొరపాటు. మన ఒంగోలు పితరులను జ్ఞాపకము చేసికొనండి. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందినారు. వారిలో అధికులు అక్షరము ఎరుగనివారు. యెర్రగుంట్ల పేరయ్య గారి వంటివారు పల్లె పల్లెకు నడిచి నోటితో చెప్పినదే వారు విన్నారు. అట్లు నడిచి చెప్పినవారు తమ పలుకుబడిలో, తమ ఉపమానములతో చెప్పియుందురు. క్లౌ దొరగారి కాలపు ఆ బోధ కూడా ఒక విధముగా మార్చి చెప్పిన కథే.

మన ప్రాంతపు రచయిత కి. రాజనారాయణన్ గారిని ఇక్కడ తలచుకొనవలెను. కి.రా. అని అందరూ పిలిచే ఆయన కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ గ్రామమున పుట్టి, 2021లో కన్నుమూసినారు. ఇంటి భాష తెలుగు, వ్రాసినది తమిళము. తెలుగు సీమ విడిచి దక్షిణమునకు పారిపోయి వచ్చినవారి కథను ‘గోపల్ల గ్రామం’ అనే నవలలో ఒక పండుముసలి అవ్వ నోట చెప్పించారు. దాని తరువాతి నవల ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. వలస వచ్చిన తెలుగువారి కథయే ఈ విధముగా అవ్వ నోటినుండి తమిళ అక్షరములోనికి మారి మనకు దక్కినది. ఆయన వ్రాసిన ‘కిడై’ అనే కథ 2003లో ‘ఒరుత్తి’ అను చలనచిత్రమైనది. మార్పు లేకుండా మనకు ఏ కథా చేరలేదు.

మరి అవ్వ చెప్పిన కథకు, సెల్‌ఫోనులోని కథకు తేడా ఏమిటి? అవ్వ కూడా కలుపుతుంది. ఒకనాడు చెప్పినట్టు మరొకనాడు చెప్పదు. అయితే మధ్యలో పిల్లవాడు “నిజముగానా అవ్వా?” అని అడగవచ్చును. అవ్వ ఆగుతుంది. “మా అమ్మ చెప్పింది నాయనా, నేను చూడలేదు” అంటుంది. ఆ ఒక్క మాటతో పిల్లవానికి కథ ఎక్కడ ఆగినదో, చెప్పేవారి ఊహ ఎక్కడ మొదలైనదో తెలిసిపోతుంది. పేరయ్య గారిని కూడా చెట్టు క్రింద కూర్చున్న మనిషి ఆపి అడుగగలిగెను. తెర ఆగదు. అడిగినా చెప్పదు. ఒక ఘట్టము కాగానే మరొకటి తోసుకొని వస్తుంది.

కాబట్టి అవ్వ కూర్చున్న చోట ఇప్పుడు మనము కూర్చొనవలెను. నిషేధించుటవలన ఫలితము లేదు, ఫోను దిండు క్రిందికి వెళ్ళును. చూడనిచ్చి ఊరకుండుటయు మన పని మానుకొనుటయే. పిల్లలతో కలిసి చూడండి. ఒక ఘట్టము కాగానే ఆపండి. ఆ భాగమును తెలుగు బైబిలులోగాని తమిళ బైబిలులోగాని ఒకరు పైకి చదవండి. చదువుట రాని పెద్దవారు వింటారు, వారికి గుర్తున్నది చెబుతారు. తరువాత మూడు ప్రశ్నలు వేయండి. గ్రంథములో లేనిది ఇందులో ఏమి వచ్చినది? గ్రంథములో ఉన్నది ఏమి పోయినది? గ్రంథము మనలను అడిగిన ప్రశ్న ఇంకను మన మీద ఉన్నదా, లేక తెరమీది మనిషి మన బదులు జవాబు చెప్పినాడా?

ఈ మూడవ ప్రశ్నను క్రిస్మసు నాటకము వ్రాయువారు, వేదికనెక్కి ఉపమానమును విస్తరించి చెప్పు మనవంటివారు కూడా వేసికొనవలెను. ప్రసంగమును కన్నీళ్ళతో ముగించుట మనకు అలవాటు. అప్పుడప్పుడు తండ్రి వెలుపల నిలబడి బ్రతిమాలుచున్న చోటనే ఆపి, కూర్చుండుట మంచిది. బల్ల మీదనున్న అన్న ఆ మధ్యాహ్నము ఏ వీధికి తిరుగునో ఆయన కాళ్ళకే విడిచిపెట్టుదము.

ప్రభువు మనకందరికిని వివేచన దయచేయును గాక.